ఆకుపచ్చ నెంబర్లు

ఆ ఏడు మిరపకాయ ఏరుడు మొదలైన వారంలోనే మా ఇంటికి షుగరు మిషను వచ్చింది.

సారపాక దాటి నాలుగు కిలోమీటర్లు పోతే రోడ్డుకు ఎడమ పక్కన మా కాలనీ. నలభై ఇళ్లు, ఒక చర్చి, ఒక పల్లె దవాఖానా. మా ఆయన సుకుమార్ చెంచురామయ్య గారి లారీ మీద డ్రైవరు. సత్తుపల్లి వైపు నుంచి, నేలకొండపల్లి వైపు నుంచి జామాయిల్ కర్ర తెచ్చి కాగితం మిల్లులో దింపుతాడు. నేను ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వంట చేస్తాను. పొద్దున ఐదింటికల్లా అక్కడ పొయ్యి వెలగాలి. ఇంట్లో మా ఇద్దరితో పాటు మా అత్తమ్మ మరియమ్మ ఉంటుంది. అరవై ఏడేళ్లు వచ్చినా ఆమె ఏటా మిరప ఏరడానికి పోతుంది, పోవద్దంటే అలుగుతుంది.

మా ఆయనకు షుగరని తెలిసి అప్పటికి రెండేళ్లు.

మిషను తెచ్చింది మా పల్లె దవాఖానా నర్సు తబిత. అరచేతిలో పట్టేంత మిషను, ఒక డబ్బా నిండా పట్టీలు, పెన్నులా ఉన్న సూది. మండలంలో దవాఖానాకు రావడానికి కుదరని ముప్పై మందికి ఇస్తున్నారట. ఆమె ఒక కాగితం మీద మా ఆయన సంతకం తీసుకుని, ఆయన ఫోన్‌లో ఏదో ఎక్కించింది.

"పొద్దుగాల ఏం తినకముందు వేలికి గుచ్చి ఒక చుక్క పెట్టు అన్నా. నెంబరు దానంతటదే డాక్టర్ మేడం టాబ్‌లకు పోతది. మంచిగుంటే ఆకుపచ్చగ, ఎక్కువుంటే ఎర్రగ కనపడ్తది. మందు మార్చాల్నంటే మేడమే ఫోన్ చేస్తది. నువ్వు పని ఇడిసిపెట్టుకుని లైన్ల నిలబడే తిప్పలుండది."

"దానంతటదే పోతదా?" అన్నాడు మా ఆయన.

"అవ్."

"నేను పంపకున్నా?"

"అవ్ అన్నా. నువ్వేం నొక్కే పని లేదు."

"ఇంకెవరికి పోతది?"

"మేడంకు, నాకు."

"ఇద్దరికేనా? హైదరాబాద్‌ల కూసుని ఎవ్వడు చూస్తలేడా?"

తబిత నవ్వింది. ఆయన నవ్వలేదు. డ్రైవర్లలో ఒక మాట తిరుగుతుండేది, షుగరు ముదిరి ఇన్సులిన్ సూది దాకా వస్తే హెవీ లైసెన్సు పోతుందని. నిజమో కాదో ఎవరూ కనుక్కోలేదు. కనుక్కోవడానికి పోతే అక్కడే దొరికిపోతామని భయం.

ఆ పూట అన్నానికి కూర్చున్నప్పుడు ఆయన ఫోన్‌ను గోడ వైపు తిప్పి పెట్టాడు.

"ఏందయ్యా గది?" అన్నాను.

"తినేది చూస్తదేమో."

"చుక్క రక్తంతోటి మనిషి గుట్టంత లాగుతరు," అని అత్తమ్మ వంత పాడింది. "నేన్ముందే చెప్పిన, సంతకం పెట్టకురా అని."

నాకు నవ్వొచ్చింది. అప్పటికి ఇంట్లో అనుమానం లేనిది నాకొక్కదానికే.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు హాస్టల్ గేటు దగ్గర తబిత స్కూటీ ఆపి తన టాబ్ చూపించింది. మా ఆయన పేరు కింద వరసగా నెంబర్లు. నూట ఎనిమిది, నూట పన్నెండు, నూట నాలుగు, నూట పదిహేను. అన్నీ ఆకుపచ్చవే. రోజూ పొద్దున ఆరు దాటాక పెట్టినవి.

"మండలంల అన్నదే ఫస్టు అక్కా. వచ్చే నెల మీటింగుల అందరి ముందట మాట్లాడిపిద్దమంటుంది మేడం. ఏం తింటుండు, ఎట్ల ఉంటుండు అని."

సంతోషంగా ఇంటికి వచ్చాను. ఆ సంతోషం సాయంత్రం దాకా ఉంది. లారీ దిగి వచ్చిన మా ఆయన చెంబెడు నీళ్లు తాగాడు, మళ్లీ చెంబెడు తాగాడు, బిందె దగ్గరే నిలబడి మూడోసారి ముంచుకున్నాడు. ప్యాంటు బెల్టుకు కొత్తగా పొడిచిన రంధ్రం కనిపించింది. చేతితో మేకు పెట్టి పొడుచుకున్నట్టు వంకరగా ఉంది. షుగరు కుదురుకుంటే ఇంత దాహమెందుకని మొదటిసారి అనిపించింది.

ఇంకో నాలుగు రోజులకు ఇంకొకటి చూశాను. ఆయన గేటు తీసుకుని లోపలికి వస్తుంటే ఎడమ కాలి చెప్పు గేటు దగ్గరే జారి పడిపోయింది. ఆయనకు తెలియలేదు. ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తది, అట్లాగే ఎండకు కాలిన బండల మీద నడుచుకుంటూ వచ్చి, గడప దగ్గర చెప్పులు విడవబోయి కిందికి చూసుకున్నాడు. నేను చూశానేమోనని నా వైపు చూశాడు. నేను చేటలో బియ్యం వైపు తల తిప్పుకున్నాను.

అన్నం పెట్టేటప్పుడు ఆయన వేళ్లు చూశాను. గ్రీజు పట్టి నల్లగా ఉన్నాయి కానీ, ఎక్కడా సూది గుర్తు లేదు.

"ఏ వేలికి గుచ్చుకుంటున్నవ్?"

"ఏదో ఒక దానికి."

"చూపియ్యి."

"ఏందే, పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవ్? నెంబర్లు మంచిగొస్తున్నయ్ గదా. మంచిగొచ్చినా బాధేనా నీకు?"

మిషనే చెడిపోయిందేమో అనుకున్నాను. ఎండకు పట్టీలు పాడైతే నెంబరు తప్పొస్తుందని తబిత చెప్పింది. ఆ మాట పట్టుకుని రెండు రోజులు మనసును ఊరుకోబెట్టాను.

మూడో రోజు డాక్టర్ హేమలత మేడం పిల్లల్ని చూడటానికి హాస్టల్‌కు వచ్చింది. ఇల్లందు వైపు తండాలో పుట్టి పెరిగిన మనిషి. చిన్న వయసే కానీ మాట నిదానం. పిల్లల్ని చూడటం అయ్యాక వంటగది వెనక్కి వచ్చి నా పక్కన నిలబడింది.

"అక్కా, సుకుమార్ మొన్న గోలీలకు వచ్చినప్పుడు తబిత బరువు చూసింది. రెండు నెలల్ల ఐదు కిలోలు తగ్గిండు. ఈ నెంబర్లున్న మనిషి గంత తగ్గొద్దు. టాబ్ ఒక తీరు చెప్తుంది, కాటా ఒక తీరు చెప్తుంది."

"మిషను ఖరాబైందేమో మేడం."

"అయి ఉండొచ్చు. అందుకే మూడు నెలల పరీక్షకు రమ్మన్న. చెయ్యి నరంల నుంచి రక్తం తీస్తే మూడు నెలల సంగతి చెప్తది. మూడుసార్లు ఫోన్ చేసిన, ట్రిప్పుల ఉన్నా అంటుండు." ఆమె నా వైపు తిరిగింది. "మీ ఇంట్ల ఆ మిషను ఇంకెవరన్నా వాడుతున్నరా?"

"లేదు మేడం. ఎవరు వాడుతరు?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. మా ఇంటిని అనుమానిస్తున్నదని కోపం వచ్చింది. ఆమె సరే అని వెళ్లిపోయింది. ఆ ప్రశ్న మాత్రం నాతో పాటు ఇంటికి వచ్చింది.

ఆ రోజు పొద్దు ఇంకా ఉండగానే అత్తమ్మ మిరప తోట నుంచి వచ్చింది. స్నానం చేసి అరుగు మీద కూర్చుని, గిన్నెలో పెరుగు పోయించుకుని ఎడమ చేతి వేళ్లు అందులో ముంచింది.

"మంటలే మంటలు. నిప్పుల పెట్టినట్టున్నది."

వేళ్లు మండటం కొత్తగా చేరిన కూలీలకు మామూలే. అత్తమ్మది ముప్పై ఏళ్ల చెయ్యి. మిరప ఏరి వచ్చిన చేత్తోనే కళ్లు నులుముకున్నా ఆమెకేమీ కాదని తోటలో నవ్వుకునేవాళ్లు.

కొబ్బరినూనె తెచ్చి పక్కన కూర్చున్నాను. పెరుగు తుడిచి ఆమె చెయ్యి నా ఒళ్లో పెట్టుకున్నాను. నూనె రాసేదాకా ఏమీ కనిపించలేదు. రాశాక, చర్మం మెత్తబడి, వేళ్ల చివర్లలో నల్లటి చుక్కలు తేలాయి. చూపుడు వేలికి నాలుగు, నడిమి వేలికి ఐదు, ఉంగరపు వేలికి ఇంకొన్ని. ఒకటి పచ్చిగా ఉంది.

"ఇవేంది అత్తమ్మా?"

చెయ్యి వెనక్కి లాక్కుంది. "ముళ్లు గుచ్చుకున్నయ్."

"మిరప చెట్టుకు ముళ్లుంటయా?"

ఆమె పెరుగు గిన్నె జరుపుకుంది. వీధిలో మేకలు పోతుంటే అవి పోయేదాకా వాటినే చూసింది. తర్వాత నా ముఖం చూడకుండా చెప్పింది.

"నీకేం తెలుసు? పండుగ ముందు మణుగూరు రోడ్డు మీద ఏమైందో వాడు నీకు చెప్పిండా? గోలి ఏసుకుని పోయిండు, తినే టైం దొరకలే. స్టీరింగు మీద చేతులు వణికినయట. కండ్లకు చీకట్లొచ్చి, చెమటలు పట్టి, బండి పక్కకు ఆపి పడిపోయిండట. ఇంకో నిమిషం ఆగితే లారీతో సహా గోదాట్ల ఉండేటోడు నా కొడుకు. అప్పట్సంది గోలి మింగుతలేడు. నేనే వద్దన్న. షుగరు దిగుతదని పొడపత్రి ఆకు కాసి ఇస్తున్న."

"మరి రక్తం?"

"ఫోన్ బందుపెట్టి గుచ్చి చూసుకుంటే మూడు వందలు దాటిందట. ఎర్రగ పోతే సూది రాస్తరు, లైసెన్సు గుంజుకుంటరు. నువ్వు పొద్దుగాల పోయినంక నా వేలు ఇస్తున్న." ఇప్పుడు నా వైపు తిరిగింది. "నేను కన్నోడే గదా. నా రక్తమైతేంది, వాని రక్తమైతేంది?"

ఆమె అబద్ధం ఆడినట్టు చెప్పలేదు. కొడుకుకు అన్నం ముద్ద పెట్టానని చెప్పినట్టు చెప్పింది.

సాయంత్రం ఆయన్ను అడుగుదామనే అనుకున్నాను. ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి నా ముందే కూర్చున్నాడు. అడిగితే కాదంటాడు. కాదన్నాక జాగ్రత్త పడతాడు. ఫోన్ దాచేస్తాడు, మిషను గోదాట్లో వేస్తాడు, తల్లి నోరు మూయిస్తాడు. పదిహేడేళ్లు కాపురం చేసిన మనిషిని ఎట్లా పట్టుకోవాలా అని నేను దొంగను కనిపెట్టేవాళ్లలా ఆలోచిస్తున్నాను. అదే నాకు కొత్త. ఏమీ అడగలేదు.

శనివారం ఆయన ట్రిప్పు దింపి పన్నెండింటికే ఇంటికి వచ్చాడు. మళ్లీ లోడు ఆదివారం మధ్యాహ్నమే. నాకు హాస్టల్లో ఒంటిపూట. అత్తమ్మ తోటకు పోయింది. ఆయన తిని, ఫ్యాను కింద మంచం మీద పడుకున్నాడు. పడుకున్న వెంటనే నిద్రపోయాడు. ఈ మధ్య అట్లాగే, మనిషి నిద్రపోయినట్టు కాకుండా సొమ్మసిల్లినట్టు పడుకుంటున్నాడు. ఎడమ చెయ్యి మంచం పట్టె మీద నుంచి కిందికి వేలాడుతోంది.

మిషను అలమరలో బట్టల వెనక ఉంది. ఫోన్ ఆయన తల దగ్గర ఉంది. పట్టీ పెట్టాను. తబిత చూపించినట్టే సూది పెన్ను బిగించి, వేలాడుతున్న చేతి చిటికెన వేలికి ఆనించి నొక్కాను. టక్కుమంది.

ఆయన కదలలేదు. కనురెప్ప కూడా కదలలేదు. లేస్తాడని భయపడ్డ నేను, లేవనందుకు ఇంకా భయపడ్డాను.

చుక్క పట్టీకి అంటించాను. ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. నాలుగు వందల ముప్పై ఎనిమిది.

తల దగ్గర ఫోన్ చిన్నగా మోగి ఊరుకుంది. ఆకుపచ్చ వరస చివర ఒక ఎర్ర నెంబరు చేరింది.

దానంతటదే పోతుందని నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదని తర్వాత అందరికీ చెప్పాను. ఆయనకూ అదే చెప్పాను. కానీ నాకు గుర్తుంది. మిషను చేతిలోకి తీసుకునేటప్పుడే గుర్తుంది. ఫోన్ ఆపేసి చూడవచ్చని కూడా తోచింది. ఆపలేదు.

పది నిమిషాలు కాలేదు, ఫోన్ వచ్చింది. ఆయన లేచి కూర్చున్నాడు. తెర మీద డాక్టర్ మేడం పేరు చూశాడు. నా చేతిలో మిషను చూశాడు. తన చిటికెన వేలు చూసుకున్నాడు. రక్తాన్ని లుంగీకి తుడుచుకుని ఫోన్ ఎత్తాడు.

"చెప్పుండ్రి మేడం."

గది చిన్నది. అవతలి మాట నాకూ వినపడుతోంది. "సుకుమార్, ఇప్పుడొక నెంబరు వచ్చింది. అది నీదేనా?"

ఆయన నా వైపు చూశాడు. కాదని ఒక్క మాట చెబితే సరిపోయేది. అమ్మది అనవచ్చు, మిషను ఖరాబైంది అనవచ్చు.

"నాదే మేడం," అన్నాడు.

గంట లోపల తబిత ఆటో తీసుకుని వచ్చింది. దవాఖానాలో మేడం మొదట ఆయన కాళ్లు చూసింది. ఎడమ పాదం కింద, క్లచ్చి తొక్కే చోట, అర్ధరూపాయి బిళ్లంత పుండు. చుట్టూ నల్లబడింది. అది ఎప్పటి నుంచి ఉందో ఆయనకే తెలియదు. మేడం పుల్లతో తాకి "నొప్పుందా?" అని అడిగితే, "ఎక్కడ?" అన్నాడు.

మణుగూరు రోడ్డు సంగతి నేనే చెప్పాను. మేడం అంతా విని ఆయన మీద అరవలేదు.

"గోలి ఏసుకుని తినకపోతే షుగరు పడిపోతది. గది గోలి తప్పు కాదు, నీ తప్పు కూడ కాదు. డ్రైవరువని తెలిసి ఆ సంగతి నీకు ఇడమర్చి చెప్పలే మేము. ఆకుపచ్చ చూసి నేను గూడ సంబురపడ్డ. సూది ఏసుకునేటోళ్లు బండి నడపనే వద్దని లేదు. నడిపే ముందట చూసుకోవాలె, దగ్గర తినేది పెట్టుకోవాలె. గీ ముక్క నన్ను అడిగి ఉంటే అయిపోయేది."

"అడిగితే రాసుకుంటరని," అన్నాడు ఆయన. అంతే.

భద్రాచలం పెద్ద దవాఖానాలో తొమ్మిది రోజులు ఉన్నాం. పాదం దక్కింది. కాలి వేలు ఒకటి తీసేశారు. ఇన్సులిన్ మొదలైంది. ఆ తొమ్మిది రోజులూ ఆయన నర్సులతో మాట్లాడాడు, పక్క మంచం ముసలాయనతో మాట్లాడాడు. నాతో కావలసిన మాట మాత్రమే.

మేము ఇంటికి వచ్చిన మూడో రోజు చెంచురామయ్య గారు వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"షుగరంట గద, కాలు ఎట్లుంది సుకుమారు? పన్నెండు దినాల సంది బండి నిలబడే ఉంది. నయమయ్యేదాకా బండి తాళం నాకియ్యి. వేరే మనిషిని పెడుత."

ఆయన లోపలి నుంచి తాళం తెచ్చి ఇచ్చాడు. ఇస్తూ అడిగాడు, "మీకెవరు చెప్పిర్రు సారూ, షుగరని? దవాఖానావోళ్లు ఫోన్ చేసిర్రా?"

"దవాఖానావోళ్లు నాకెందుకు చేస్తరు? ఆదివారం మీ చర్చి మైకుల చెప్పిర్రు గద. మన సుకుమార్ షుగరు నాలుగు వందల ముప్పై ఎనిమిదికి పోయింది, దింపు ప్రభువా అని. రోడ్డు మీద హోటల్ల కూసున్నోళ్లమంత విన్నం."

అత్తమ్మ చర్చిలో ప్రార్థన మనవి రాయించి ఇచ్చింది. నెంబరుతో సహా రాయించింది. ఆమె దర్వాజా పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండు నెలలుగా ఆయన అనుమానించింది టాబ్‌ను, తబితను, హైదరాబాద్‌లో ఎవడో కూర్చున్నవాణ్ని. చెంచురామయ్య గారు పోయాక కోపమంతా తల్లి మీద పడుతుందనుకున్నాను. పడలేదు. ఆమెను ఒక్క మాట అనలేదు. నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు.

"చూసినవా? టాబ్‌ల నుంచి పోలే. నువ్వు తబిత మీద ఉత్తగనే..."

"అమ్మ నా కోసం దేవునికి చెప్పింది," అన్నాడు. కట్టు కట్టిన పాదం వైపు చూస్తూ నిదానంగా అన్నాడు. "నువ్వు నన్ను అడగనైనా అడగలే. పండుకున్నోని చెయ్యి పట్టుకున్నవ్."

"అడిగితే చెప్పేటోనివా?"

పాదాన్ని మెల్లగా మంచం మీదికి జరుపుకున్నాడు. "ఏమో. అడిగి ఉంటే తెలిసేది."

మిరప ఏరుడు అయిపోయింది. కల్లాల్లో ఎండబెట్టిన కాయ ఖమ్మం మార్కెట్‌కు పోయింది. ఎండలు ముదిరాయి. ఆయన రోజూ పొద్దున నా ముందే, నేను హాస్టల్‌కు బయలుదేరేముందు, దీపం కింద కూర్చుని వేలికి గుచ్చుకునేవాడు. నెంబరు నాకు వినపడేలా చదివేవాడు. రెండు వందల అరవై. రెండు వందల పది. నూట తొంభై. ఎర్రవి తగ్గి పసుపువి వచ్చాయి, మధ్యలో ఒకటీ అరా ఆకుపచ్చవి. మీటింగులో మాట్లాడమని మళ్లీ ఎవరూ పిలవలేదు. వానలు పడే ముందు మేడం చెంచురామయ్య గారిని దవాఖానాకు పిలిపించి మాట్లాడింది. మా ఆయన ఒప్పుకున్నాకే పిలిపించింది. ఇప్పుడు దగ్గరి ట్రిప్పులు ఇస్తున్నారు. సీటు పక్కన బిస్కెట్ పొట్లం పెట్టుకుని నడుపుతున్నాడు. అత్తమ్మ ఆకు కాయడం మానలేదు, ఆయన తాగడం మానలేదు. గోలీలూ సూదీ మాత్రం తప్పడం లేదు.

నేను చేసింది తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు. ఇంకో వారం ఆగి ఉంటే పాదం పోయేదని మేడం చెప్పింది. ఆ మాట ఆయన ముందే చెప్పింది. ఆయన తల ఊపాడు కూడా.

ట్రిప్పు లేని రోజుల్లో మధ్యాహ్నం తిని ఫ్యాను కింద పడుకుంటాడు. ఆ పక్కనే నేను బియ్యం ఏరుకుంటూ కూర్చుంటాను. ఇంతకుముందు చేతులు ఎటంటే అటు పారేసి పడుకునే మనిషి. ఇప్పుడు రెండు చేతులూ పిడికిళ్లు బిగించి, తలగడ కిందికి పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. నిద్ర పట్టాక కూడా ఆ పిడికిళ్లు వదలవు.